నీళ్లడగకుండా కొన్న భూమి

షాబాద్ దాటి కొంత దూరం పోయాక ఎడమచేతి వైపు ఒక మట్టిదారి చీలుతుంది. ఆ దారి చివర నాలుగెకరాల మెట్టచెలక మా అన్నదీ, నాదీ. కొనడానికి ముందు దాన్ని చూడబోయిన రోజు బ్రోకరు కారు దిగి, పెళ్లిపిల్లను చూపించినట్టు నాలుగు దిక్కులూ చూపించాడు. అటు రోడ్డొస్తదన్నాడు, ఇటు ఫ్యాక్టరీలొస్తయన్నాడు. అన్న అవేమీ వినలేదు. వంగి ఒక మట్టిపెడ్డ తీసుకున్నాడు. వేళ్ల మధ్య నలిపాడు. మెల్లగా అడిగాడు.

"నీళ్లెన్ని ఇంచులు?"

మా దిక్కు బోరు నీళ్లను ఇంచుల్లోనే కొలుస్తారు. పైపులోంచి ధార ఎంత లావుగా పడితే అన్ని ఇంచులు. రైతన్నవాడు భూమి కొనబోతే ధర కంటే ముందు అడిగే మాట అది. బ్రోకరు నా మొహంలోకి చూశాడు. నేను నవ్వాను.

"అన్నా, నీళ్లెందుకే? మనం గీడ పంట పెడ్తమా? ఇది ఇన్వెస్ట్‌మెంట్."

"అట్లనా," అన్నాడు అన్న. చేతికంటిన మట్టి దులుపుకున్నాడు.

నా పనేమిటో చెప్పకపోతే ఈ తప్పు బరువు తెలియదు. చేవెళ్లలో నాది బోరు మోటార్ల వైండింగ్ దుకాణం. కాలిపోయిన మోటారు విప్పి, మాడిన రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టి ఇస్తాను. నీళ్లందక కాలిన మోటారేదో, కరెంటు హెచ్చుతగ్గులకు కాలిన మోటారేదో వాసన చూసి చెప్పగలను. చుట్టుపక్కల ఏ ఊళ్లో ఎన్ని వందల అడుగులకు నీళ్లు పడతాయో నా దుకాణానికి తెలిసినంత కచ్చితంగా ఏ ఆఫీసుకూ తెలియదు. అలాంటి నేను నీళ్ల మాట ఎత్తకుండా భూమి కొన్నాను. ఎత్తినవాణ్ని చూసి నవ్వాను.

ఆ నవ్వు ఎక్కడిదో నాకు తెలుసు. లైబ్రరీది.

పదో తరగతి తప్పాక నన్ను చదివించింది చేవెళ్ల గ్రంథాలయం. కరెంటు గంటల తరబడి పోయే రోజుల్లో వైండింగ్ పని సాగేది కాదు. దుకాణం షట్టరు సగం దించి లైబ్రరీకి పోయేవాణ్ని. మొదట పేపర్లు, తర్వాత వారపత్రికలు, ఆ తర్వాత బీరువాలు. నేలల గురించి, నక్షత్రాల గురించి, రాజుల గురించి, రక్తపోటు గురించి, ఏది దొరికితే అది. ఒక బీరువా మొత్తం పైఅర నుంచి కిందఅర దాకా వరసపెట్టి చదివిన కాలం ఉంది. డిగ్రీ చదివినవాడు నా ముందు ఏదైనా తప్పు చెబితే దిద్దకుండా ఉండలేకపోయేవాణ్ని. ఆ గర్వం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పోవాలని కూడా నాకు లేదు. ఎవరూ వడ్డించకపోతే తానే వండుకు తిన్నవాడి గర్వం అది.

డబ్బు గురించిన ఒక పుస్తకం అక్కడే అట్ట లేకుండా దొరికింది. మూడుసార్లు తెచ్చుకుని చదివాను. ఉన్నదంతా ఒకేచోట పెట్టొద్దు. మనం పడుకున్నప్పుడు కూడా డబ్బు పని చెయ్యాలి. పెట్టినదాన్ని పదేళ్లు ముట్టొద్దు. ఇవీ అందులోని మాటలు. నాకు ఎవరో దీపం పట్టుకొని ఇల్లంతా చూపించినట్టనిపించింది. బయట చాయ్ మానేశాను. ఫోన్లో నెలనెలా ఫండ్‌లో డబ్బు వెయ్యడం మొదలుపెట్టాను. "మీరు చాయ్ మానేసుడేమో గని, మీ లెక్కలిని నాకు తలనొప్పి లేశి రెండుసార్లు తాగుతున్న. ఇంట్ల చాయ్‌పత్తి డబలైంది," అనేది మా ఇంటామె. నేను పట్టించుకోలేదు. చదవనివాళ్లకు అర్థం కాదనుకున్నాను.

చదవనివాళ్లలో మా అన్న మొదటివాడు. నాలుగో తరగతితో బడి ఆపి బాపు వెంట పొలానికి పోయాడు. మొయినాబాద్ మండలం ఎంకపల్లిలో మాకు రెండెకరాలుండేవి. అందులో ఒకటిన్నర ఎకరం గులాబీ తోట. పంపకాలు కాలేదు. పట్టా ఇద్దరి పేరు మీదా ఉండేది. నేను చేవెళ్లలో దుకాణం చూసుకుంటే, తోట అన్నా వదినా చూసుకునేవాళ్లు. తెల్లవారుజామున తలలకు లైట్లు కట్టుకుని ఎర్ర గులాబీలు కోసి, తడిపిన గోనెసంచుల్లో వేసి, మొదటి ఆటోలో పట్నం పూల మార్కెట్టుకు పంపేవాళ్లు. తెల్లారేసరికి ఆ పని ముగిసేది. అప్పుడు అన్న గట్టు మీద కూచుని చాయ్ తాగేవాడు. ఆ చాయ్ తాగే మనిషి మొహం నేను చాలామంది ధనవంతుల్లో వెతికాను, కనిపించలేదు.

అన్న చదివే పుస్తకం ఒకటే, పంచాంగం. ఉగాదికి కొత్తది రాగానే పెళ్లి ముహూర్తాల పేజీ తెరిచేవాడు. కొమ్మ కత్తిరించిన నలభై అయిదు రోజులకు గులాబీ పూస్తుంది. కాబట్టి ప్రతి ముహూర్తం నుంచీ నలభై అయిదు రోజులు వెనక్కి లెక్కపెట్టి, ఆ రోజున కత్తెర పట్టేవాడు. తోటను మూడు భాగాలు చేశాడు. ఒకటి కార్తీకం పెళ్లిళ్లకు పూయాలి, ఒకటి మాఘానికి, ఒకటి వైశాఖానికి. "మూఢంల పూస్తే ఆ పువ్వెవలికిరా? లగ్గం లేదు, ధర లేదు. దేవునికి గూడ ఎన్ని కిలోలని ఏస్తవ్?" అనేవాడు.

ఉన్నదంతా ఒకేచోట పెట్టొద్దన్న సూత్రాన్ని నేను కొత్తగా చదివిన రోజుల్లో గట్టు మీద కూచుని అతనికి వివరంగా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"గందుకే గదరా తోటను మూడు తుకడలు చేసిన," అన్నాడు.

"అది వేరే, ఇది వేరేనే," అన్నాను. ఎలా వేరో చెప్పలేదు. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు కాబట్టి.

ఆదివారాలు పట్నం నుంచి కార్లు రావడం అప్పటికే మొదలైంది. పక్క చేన్లు ఒక్కొక్కటే అమ్ముడుపోయి ప్రహరీలు లేస్తున్నాయి. ఎకరం ధర విన్నప్పుడల్లా నేను లెక్కలు వేసేవాణ్ని. చివరికి ఒకరోజు తోటకు పోయి, పూలు కోస్తున్న అన్న వెనకాలే సాళ్లలో నడుస్తూ చెప్పాను.

"అన్నా, నువ్వు ఏడాదంత ముండ్లల్ల నిలబడి సంపాదించేదానికంటె, అమ్మి బ్యాంకుల ఏస్తే ఊకె కూసున్నా ఎక్కువొస్తది."

"ఊకె కూసుంటే నేనేం జెయ్యాల్నురా?"

"ఏం జెయ్యొద్దు. రెస్ట్ తీసుకో."

"దినమంతనా?"

పక్క సాల్లోంచి వదిన తల ఎత్తింది. ఆమె నాలుక ఎప్పుడూ పదునే. "ఏమో లైబ్రరీ సారూ, గులాబీకి ముండ్లుంటయి. నీ మాటకు ఒక్క ముల్లు లేదు. గందుకే నాకు నమ్మకం కుదురుతలేదు," అంది.

"ఊకో," అన్నాడు అన్న ఆమెతో. "చదివినోడు. వానికి తెల్వదా?"

నేను ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఇక్కడే రాయాలి. ఆ రెండెకరాల్లో సగం నాది. దుకాణం మెయిన్‌రోడ్డు మీదికి మార్చాలని, అక్కడ మడిగె, అంటే దుకాణం గది, సొంతానికి కొనుక్కోవాలని నాకు చాలా రోజులుగా ఉంది. నా వాటా ఇవ్వమని నోరు తెరిచి అడిగితే అన్న ఎక్కడి నుంచి తేగలడు? అందుకని అడగలేదు. పుస్తకంతో అడిగించాను. ఇద్దరి మంచి కోసమని చెప్పాను. చెప్పి చెప్పి నేనే నమ్మాను.

బేరం కుదిరింది. తోట అప్పజెప్పడానికి నెల రోజుల గడువు పెట్టారు. ఆ మరునాడే అన్న మొదటి భాగానికి కత్తెర పట్టాడు. నలభై అయిదు రోజులకు పూసే పువ్వు ముప్పై రోజుల్లో పరాయిదవుతుందని అతనికి తెలియక కాదు.

"ఎందుకే అన్నా ఉత్త కష్టం?"

"కత్తిరియ్యకుంటె కొమ్మ ముదిరిపోతది," అన్నాడు తల ఎత్తకుండా.

కొత్త యజమాని మొగ్గ తొడిగే వేళకు మిషను దింపాడు. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా తోట లేదు. ఇప్పుడక్కడ పచ్చిక ఉంది, గోడ ఉంది. నేను ఆ దారిన పోవలసి వస్తే బండి వేగం పెంచుతాను.

భూమి అమ్మితే ఏడాది తిరక్కముందే మళ్లీ భూమే కొనాలి, లేకపోతే పైసలు నిలవవు అని మా దిక్కు అంటారు. పుస్తకం కూడా ఇంచుమించు అదే అంది. అందుకని షాబాద్ అవతల నాలుగెకరాలు కొన్నాం. ఇద్దరం ఉమ్మడిగానే కొన్నాం. పదేళ్లు ముట్టొద్దని నేనే నియమం పెట్టాను. మిగిలిన దాంట్లో నాకు మడిగె, అన్నకు మొయినాబాద్‌లో స్లాబు ఇల్లు. ఇంకా మిగిలింది బ్యాంకులో వేశాం. నా లెక్క ఎక్కడా తప్పలేదు. అన్నకు నెలనెలా వచ్చే వడ్డీ తోట ఇచ్చిన దానికంటే ఎక్కువే.

మొదటి ఏడాది అందరూ అతన్ని అదృష్టవంతుడన్నారు. అతను తెల్లవారుజామున మూడున్నరకే లేచేవాడు. ఆ వేళకు లేవొద్దని ఒంటికి ఎవరు చెప్పగలరు? చాయ్ పెట్టుకుని ఇంటి ముందు మెట్ల మీద కూచునేవాడు. తెల్లారేదాకా కూచునేవాడు. తెల్లారాక కూడా కూచునేవాడు. చాయ్ అదే, గ్లాసు అదే, మనిషి మొహం మాత్రం అది కాదు. రెండో ఏడు షుగరొచ్చింది. దవాఖానలో డాక్టరు రోజూ నడవమన్నాడు. "ఎక్కడికి సార్?" అని అడిగాడట. డాక్టరు హాస్యం అనుకుని నవ్వాడని వదిన చెప్పింది.

నడక పేరుతో బస్టాండు దాకా పోయేవాడు. అక్కడ పూలమ్మే ముసలామె గంప ముందు ఆగేవాడు. ఒకసారి నేనూ పక్కన ఉన్నాను. ఒక గులాబీ తీసి, తొడిమ చూసి, రేకు వేలితో నొక్కి, "ఇది నిన్న ఎండపూట కోసిన పువ్వు. పొద్దుగూకేదాక గూడ నిలవది," అన్నాడు.

"కొనేదుంటే కొను పటేలా," అంది ఆమె. "రోజొచ్చి పువ్వు చెయ్యి పట్టి నాడి చూస్తవ్. సూది గూడ ఏస్తవా ఏంది?"

అన్న నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను అరకిలో పూలు కొన్నాను. ఇంటికి తెస్తే వాటిని ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. మరునాటికి వాడిపోయాయి.

పంచాంగం మాత్రం మానలేదు. ఒక సాయంత్రం నేను పోయేసరికి మెట్ల మీద కూచుని వేళ్లు మడుస్తూ లెక్కపెడుతున్నాడు.

"ఇయ్యాల కత్తిరిస్తే మాఘం మొదటి లగ్గానికి అందుతుండె," అన్నాడు నన్ను చూసి.

లోపలి నుంచి వదిన గొంతు వినిపించింది. "ఏం కత్తిరిస్తవ్? గోర్లు కత్తిరించుకో."

అని బయటికి వచ్చి, తానన్న మాటకు తానే నొచ్చుకున్నట్టు గుమ్మం పట్టుకుని నిలబడింది. ముగ్గురిలో ఎవరమూ నవ్వలేదు.

ఆ రోజే నిర్ణయించుకున్నాను, ఎలాగైనా అన్న చేతికి మళ్లీ కత్తెర ఇవ్వాలని. మొదట షాబాద్ చెలకలోనే బోరు వేయించాను. భూమిలో నీళ్ల గురించి లైబ్రరీలో ఉన్నదంతా తిరగేశాను. రాళ్ల వరసలు, వాలు, పక్క బోర్ల లోతులు కాగితం మీద గీసి చోటు గుర్తుపెట్టాను. బోరు బండి మధ్యాహ్నం దాకా తవ్వింది. తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. రెండో చోట సాయంత్రానికి తడి తగిలింది. అర ఇంచు ధార వచ్చింది. పది నిమిషాలకు అదీ ఆగిపోయింది. అన్న కనుబొమ్మల మీద దాకా తెల్లటి దుమ్ము. ఒక్కరోజులో ముసలివాడైపోయినట్టున్నాడు. తిడతాడేమోనని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"నడువు తమ్మీ, చీకటైతది," అన్నాడు.

తర్వాత మొయినాబాద్ చుట్టుపక్కల కౌలు భూమి వెతికాను. దుకాణానికి మోటారు తెచ్చిన ప్రతివాణ్నీ అడిగాను. చివరికి ఎంకపల్లి పక్కనే అర ఎకరం దొరికింది. యజమాని పట్నంలో ఉంటాడు, భూమి చూసుకునే మనిషొకడు ఉన్నాడు. అన్నను బండి మీద తీసుకుపోయాను. ఆ మనిషి మోటారు వేశాడు. రెండు ఇంచుల నిండు ధార దూకింది. అన్న చెప్పులు విడిచి పోయి రెండు చేతులూ దాని కింద పెట్టాడు. మొహం కడుక్కున్నాడు. తాగాడు. మళ్లీ తాగాడు. నా వైపు తిరిగి నవ్వాడు. గట్టు మీద చాయ్ తాగే మనిషి ఒక్క క్షణం అక్కడ నిలబడ్డాడు.

"ఎన్నేండ్లకిస్తరు?" అని అడిగాడు ఆ మనిషిని.

"పదకొండు నెలలే. మా సారు అంతకు మించి కాయితం రాయడు. ఎవలికి రాయడు. మల్ల చూద్దం."

అన్న తడిచేతులు పంచెకు తుడుచుకున్నాడు. "గులాబీ పెట్టినంక చెట్టు కుదురుకునెటందుకే ఏడాది వడ్తది తమ్మీ. ఆరేండ్లు పూస్తది. పదకొండు నెలలకు పీకేసుడా?"

"ఐతే కొత్తిమీర ఏస్కో పటేలా," అన్నాడు ఆ మనిషి దయగానే. "గీడ కౌలుకు తీసుకునేటోళ్లంత గదే ఏస్తున్నరు. నెలరోజులల్ల చేతికొస్తది. ఫికరుండది."

ఆ చుట్టుపక్కల భూములన్నీ ఎప్పుడు అమ్ముడుపోతాయా అని ఎదురుచూస్తున్న భూములే. వాటి మీద ఆరేళ్ల చెట్టును ఎవరు పెట్టనిస్తారు? డబ్బు పెట్టినవాళ్లు, అంటే నాలాంటివాళ్లు, అక్కడ పువ్వుకు చోటు లేకుండా చేశాం. ఇది ఏ పుస్తకమూ చెప్పలేదు, నాకే అర్థమైంది. తిరుగుదారిలో, మొయినాబాద్ దగ్గరపడ్డాక, అన్న నా భుజం వెనక నుంచి అన్నాడు.

"కొత్తిమీరకు పంచాంగం అక్కర్లేదురా."

చెలక కొని ఇప్పటికి ఏడేళ్లయింది. పోయిన నెల ఆ బ్రోకరే ఫోన్ చేశాడు. షాబాద్ భూమికి మూడింతల ధర పలుకుతోందన్నాడు. నేను సంతోషించాలి. ఆ పూటే అన్న దగ్గరికి పోయాను. అమ్మేద్దామన్నాను. మొయినాబాద్‌లో ధరలు ఇంకా పైకి పోయాయి కాబట్టి అమ్మినదాంతో మునుపటిలా రెండెకరాలు రావు, అయినా నీళ్లున్న చోట పావెకరం పైచిలుకు, పది పదిహేను గుంటలైనా సొంతానికి కొనొచ్చు, చాలదా, మొక్కలు పెట్టు, అని బతిమాలినట్టే చెప్పాను.

అన్న విని, మెట్టు మీద కొంచెం జరిగి నాకు చోటిచ్చాడు.

"పదేండ్లు ముట్టొద్దన్నవు గద."

"అది నేనన్న మాటనే అన్నా. అయింది, పో. నేనే వద్దంటున్న ఇప్పుడు."

"లే తమ్మీ. ఇంక మూడేండ్లే ఉన్నయి. ఏడేండ్లు కూసున్న. నడిమిట్ల లేస్తే గీ కూసున్నదంత ఆగమైతది."

అతను ఆ ఏడేళ్లూ ఖాళీగా కూర్చున్నాడనుకున్నాను. కాదు. నేను చెప్పిన పని చేస్తున్నాడు. నలభై అయిదు రోజులు కాచుకున్నట్టే పదేళ్లు కాచుకుంటున్నాడు, చివర ఏదో పూస్తుందని.

"అవును గని," అన్నాడు. గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "పదేండ్లయినంక ఏం జెయ్యాల్నని రాసిన్రు ఆ పుస్తకంల?"

"చూసి చెప్త," అన్నాను.

మరునాడు పొద్దున్నే లైబ్రరీకి పోయాను. పుస్తకం అదే బీరువాలో, అదే అరలో ఉంది. ఎవరో మందపాటి కాగితంతో అట్ట వేశారు. చివరి అధ్యాయం నిలబడే చదివాను. సహనంగా ఉన్నవాడు ఫలం అనుభవిస్తాడని ఉంది. ఎలా అనుభవించాలో లేదు. పొద్దున మూడున్నరకు లేచినవాడు తెల్లారేదాకా ఏం చెయ్యాలో లేదు. వెనక్కి తిప్పాను. చివర ఖాళీ పేజీలో పెన్సిలు అంకెలు కనిపించాయి. రెండు వరసలు. ఒకదాని మీద 'నిలబడితే' అని, ఇంకోదాని మీద 'కూర్చుంటే' అని రాసి ఉంది. చేతిరాత నాదే, తోట అమ్మకముందుది.

బొటనవేలితో రుద్దాను. పోలేదు, నల్లగా అలుక్కుపోయింది. పుస్తకాలు సర్దుతూ అటుగా వచ్చిన లైబ్రేరియన్ తొంగిచూశాడు. నాలాంటి పాత పాఠకుణ్ని చూస్తే ఆయనకు గౌరవం.

"చూడున్రి సార్, లైబ్రరీ పుస్తకం అని గూడ లేకుంట ఎవడో రాసి ఖరాబు చేసిండు."

"అవును," అన్నాను. "ఎవడో."

పుస్తకం అరలో పెట్టి మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. అన్న.

"దొరికిందారా?"

"ఇంక చూస్తున్ననే అన్నా."

"నిమ్మలంగ చూడు తమ్మీ," అన్నాడు. "తొందరేం లేదు. నాకేం పనున్నది?"